సలింబేనే: పక్షపాతం దాచుకోని చరిత్రకారుడు

ఇటలీలోని పార్మాలో 1221లో పుట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి సలింబేనే, అరవై దాటాక 1283 ప్రాంతంలో లాటిన్‌లో మొదలుపెట్టిన ‘క్రానికా’ను కాలక్షేపం కబుర్లుగా తీసిపారేయడం తేలిక. పోపుల సంగతి చెబుతూ చెబుతూ ద్రాక్షసారా రుచిలోకో, ఇంటి గొడవల్లోకో జారిపోతాడు. నా దృష్టిలో ఆ పుస్తకాన్ని నమ్మడానికి ఆధారం ఆ జారుడులోనే ఉంది. తాను ఉయ్యాలలో ఉండగా 1222లో భూకంపం వచ్చిందట. పక్కనున్న జ్ఞానస్నాన మందిరం ఇంటిమీద కూలుతుందని భయపడి, తల్లి తన కూతుళ్లిద్దరినీ చెరో చంకన ఎత్తుకుని పరుగెత్తింది, కొడుకును వదిలేసింది. ఆడపిల్లలు మోయడానికి తేలిగ్గా ఉన్నారని ఆమె సంజాయిషీ. మగపిల్లవాణ్ణి కదా ముందు చూసుకోవాలి, అందుకే ఆమె మీద ప్రేమ తగ్గిందని ఈ పెద్దమనిషి ముసలితనంలో రాసుకున్నాడు! తన మొగ్గు ఇంత బాహాటంగా చెప్పుకునేవాడి మాటలో ఎంత తరుగు తీయాలో చదివేవాళ్లకు తెలిసిపోతుంది. గంభీరంగా, తటస్థంగా కనిపించే చరిత్రల్లో ఆ వీలుండదు.

అయితే విన్నదాన్ని కాక చూసినదాన్నే నమ్మే చూపు అతనికి మొదటినుంచీ లేదు. 1238లో మఠంలో చేరినప్పుడు, కొడుకును తిరిగి ఇప్పించమని తండ్రి ఏకంగా పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌నే ఆశ్రయించాడు, సలింబేనే కదలలేదు. ఆ తర్వాత, రాబోయే యుగాల గురించి బోధించిన మఠాధిపతి యోవాకీము అనుచరుల జోస్యాల్లో మునిగాడు. ఫ్రెడరిక్ క్రీస్తువిరోధి అనీ, 1260లో కొత్త యుగం వస్తుందనీ వాళ్ల నమ్మకం. చక్రవర్తి 1250లోనే చనిపోయాడు. 1260 కూడా వచ్చి వెళ్లింది. ఇక కళ్లతో చూసిందే నమ్ముతానని సలింబేనే తేల్చుకున్నది ఆ దెబ్బలతోనే.

మరి ఫ్రెడరిక్ పసిపిల్లలను మాటల్లేకుండా పెంచి ఆదిమభాష ఏదో కనిపెట్టబోయాడన్న కథ? అది చూసింది కాదు, విన్నది. ఇలాంటి కథ ఈజిప్టు రాజు గురించి హెరడోటస్ ఎప్పుడో చెప్పాడు. పైగా పోపుకూ ఫ్రెడరిక్‌కూ మధ్య నడిచిన పోరులో సలింబేనే పోపు పక్షంవాడు. ఆ కథను ఋజువుగా తీసుకోనక్కర్లేదు. కానీ అదే చక్రవర్తి సరైన కాథలిక్కు అయ్యుంటే లోకంలో అతనికి సాటివచ్చేవాళ్లు తక్కువని ఒప్పుకున్నదీ ఈ కలమే. తాను దగ్గరుండి చూసినచోట వివరం ఎంత చిక్కనిదో 1248లో సాన్స్ పట్టణంలో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఫ్రాన్సిస్కన్ సన్యాసులకు పెట్టిన విందు చూపిస్తుంది: చెర్రీలు, పాలలో ఉడికించిన చిక్కుడుగింజలు, చేపలు, బాదంపాలతో వండిన అన్నం మీద దాల్చినచెక్క పొడి. పేదరికమే వ్రతమైన సన్యాస సభలో ఉంటూ ఈ జాబితాను సిగ్గుపడకుండా రాశాడు. పార్మాలోనే మొదలైన అపోస్తలిక సోదరులు అనే భిక్షుక బృందం నాయకుడు సెగరెల్లిని మాత్రం పామరుడని దుమ్మెత్తిపోశాడు. ఆ ద్వేషం తీసేసి చదవాల్సిందే. అయినా 1300లో సజీవదహనమైన ఆ మనిషి తొలినాళ్ల గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఈ శత్రువు రాసిపెట్టిందే.