మంత్రసాని నుంచి సైబర్ టవర్స్ దాకా

మన ఊళ్ళల్లో పురుడు పోసిన మంత్రసానుల్లో చాలామంది మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్ళే. బొడ్డు కోసిన ఆ చేతినే పురుడు తీరినంక గడప బయట నిలబెట్టిండ్రు. ఆమె నేర్పుని మైలపనిగా చూసిన సమాజం ఆమె కాన్పు గురించి ఏం పట్టించుకుంటది?

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ చుట్టూ అద్దాల మేడలు లేచాయి. వాటికి ఇసుక తట్టలు మోసినోళ్ళలో గుంపు మేస్త్రీల వెంట పాలమూరు నుంచి వలసొచ్చిన దళిత, లంబాడీ స్త్రీలున్నారు. మేము అడిగేది వాళ్ళ ప్రసూతి గురించి.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద జీతంతో సెలవు కావాలంటే, కాన్పుకు ముందటి ఏడాదిలో అదే యజమాని దగ్గర 160 రోజులు పనిచేసి ఉండాలన్నారు. 1988 సవరణ దాన్ని 80కి తగ్గించింది. సరే, అడ్డా మీద రోజుకో మేస్త్రీ పిలిచే కూలికి ఆ 80 రోజుల లెక్క ఎవరు రాసిస్తరు? ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో, మస్టర్ రోల్ మీద పనిచేసే రోజుకూలీ స్త్రీలకూ ఈ హక్కుందని 2000 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మన అడ్డా కూలికి ఆ మస్టరే లేదాయె! 2017లో సెలవు 12 వారాల నుంచి 26కు పెరిగితే మేడలోపలి ఉద్యోగినికి అందింది. భవన కార్మికుల 1996 చట్టం కింద పేరు నమోదుకు కూడా ఏడాదిలో 90 రోజుల పని చూపించాల్సి వచ్చింది.

2018–20లో తెలంగాణ ప్రసూతి మరణాలు లక్ష సజీవ జననాలకు 43, దేశంలో 97. గొప్పగా చెప్పుకున్న అంకె అది. ఆ పట్టికలో రాష్ట్రాల పేర్లున్నాయి గానీ కులం గడి లేదు. చనిపోయిన తల్లి ఏ వాడ మనిషో అందులో కనపడదు.