వస్తువు మాది, నాయకుడెవరు?

పుస్తకాల్లో సాహిత్యాన్ని మూడు అర్రలు చేసి చూపిస్తారు. కవిత్వం ఒకటి, కథ-నవల ఒకటి, నాటకం ఒకటి. కవిత్వానికి లయ, భావచిత్రం, ధ్వని. కథకు ఇతివృత్తం, పాత్రలు, సంఘర్షణ, స్థలకాలాలు, ఎవరి కంటితో చెప్తున్నామన్న దృష్టికోణం. నాటకానికి సంభాషణ, వేషం, రంగస్థలం, ఎదురుగా చూసే జనం. తెలుగు పంతులుగా ఇవన్నీ ఏటేటా బోర్డు మీద రాస్తనే ఉన్న. రాయకపోతే పిల్లలకు మార్కులు రావు. ఈ లక్షణాలతో నాకు తగాదా లేదు. వీటికి ఉదాహరణలు చెప్పాల్సి వచ్చినప్పుడు మా వాడ దిక్కు ఒక్క వేలు కూడా ఎందుకు చూపలేదన్నదే నా తగాదా.

మాది జనగామ దగ్గర పల్లె. మాదిగ వాడ. మా ఇంట్ల డిగ్రీ దాకా పోయిన మొదటోన్ని నేనే. అయ్య డప్పు కొట్టేది, ఊళ్ళె చాటింపు వేసేది. అవ్వ నాట్లకు, కలుపుకు పోయేది. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. అయ్య కొట్టే దెబ్బల్లో చావుకు ఒకటి, పెండ్లికి ఒకటి, బోనాలకు ఒకటి. దెబ్బ చెవిన పడితే చాలు, సంగతేందో ఊరికి ఎరుకయ్యేది. చాటింపులో ముందు పిలుపు, తర్వాత ఆజ్ఞ, ఆఖరుకు ఎవరి పేరున ఈ ఆజ్ఞ అన్నది. ఒక్క మాట ఎక్కువుండదు, తక్కువుండదు. అది వచనం కాదా? అవ్వ నాటులో పాట ఎత్తుకుంటే పది మంది అందుకునేవాళ్ళు. పల్లవి వచ్చే చోటనే చెయ్యి బురదలకు పోయేది. చావింట్ల ఆడోళ్ళు శోకం తీసేటప్పుడు పోయినోని పేరు, వాని కష్టం, వాడు తీర్చని అప్పు, వాడు తినకుండ పోయిన బువ్వ అన్నీ వరుసగ వచ్చేవి. ఆ వరుస తప్పితే ముసలోళ్ళు సరిచేసేవాళ్ళు. పుస్తకం భాషలో దీన్ని స్మృతి కావ్యం అంటారు.

ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక క్లాసులో, "చిందోళ్ళ ఆట నాటకం కిందికి రాదా సార్?" అని అడిగిన. "అది జానపదం. మనం చదివేది సాహిత్యం" అన్నారు. అంతే, పాఠం ముందుకు పోయింది. ఆ "మనం"లో నేను ఎక్కడున్నానని చాలా కాలం ఆలోచించిన.

జవాబు లక్షణ గ్రంథాల్లోనే ఉంది. 10వ శతాబ్దపు ధనంజయుడు తన దశరూపకంలో రూపకాలను వేరు చేసేవి మూడన్నాడు: వస్తువు, నేత, రసం. వస్తువంటే కథ, నేతంటే నాయకుడు. శాస్త్రం నాటకమని పేరు పెట్టిన రూపకానికి నాయకుడు ఎవరంటే వారైతే కుదరదు. పేరున్న వంశంలో పుట్టిన రాజో, దేవతాపురుషుడో కావాలె. సంస్కృత నాటకాల్లో రాజు, బ్రాహ్మణ పండితుడు సంస్కృతం మాట్లాడితే, ఆడవాళ్ళు, కింది కులాల పాత్రలు మామూలుగా ప్రాకృతం మాట్లాడాలె. పుట్టుకను బట్టి నాయకత్వం, పుట్టుకను బట్టి భాష. మేం నాటకంలో లేకపోవడానికి మాకు కళ రాకపోవడం కారణం కాదు, నిబంధనే కారణం.

ఈ నిబంధన మీద మొదటి దెబ్బ మా జనగామ దిక్కు నుంచే పడింది. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణాన్ని పద్యాల చంపువుగా కాక ద్విపదలో రాశాడు. ద్విపద రెండు పాదాల దేశి ఛందస్సు, పాడుకునేది, వింటేనే గుర్తుండేది. పండితులు చాలా కాలం దాన్ని చిన్నచూపే చూశారు. సోమనాథుడు శతకం రాశాడు, రగడ రాశాడు, ఉదాహరణం రాశాడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అంటూ జనం పాడే రకాల పేర్లు చెప్పాడు. అన్నింటికన్నా నాకు ముఖ్యం మాదార చెన్నయ్య కథ. చోళరాజు పెట్టిన నైవేద్యాన్ని కాదని శివుడు చెన్నయ్య ఇంటి అంబలి తాగిపోయాడని బసవపురాణం చెప్తుంది. ప్రక్రియ మారితే నాయకుడు మారిండు. అయితే ఒక్క మాట: చెన్నయ్య గొప్పతనం భక్తితోనే రుజువు కావాల్సి వచ్చింది. శివుడు వచ్చి తాగితే తప్ప అంబలికి విలువ రాలేదు.

ఆ పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర. అది పోతన ఊరు. రెండు ఊర్లూ తెలుగు సాహిత్య చరిత్రలో ఉన్నాయి. అదే పక్కన దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె ఉంది. అక్కడి చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. అందరం సంతోషపడ్డం. కానీ అది కళల విభాగం కింద ఇచ్చింది, సాహిత్యం కింద కాదు. ద్విపద రాసినాయన కవి, ద్విపద పాడి ఆడేటాయన కళాకారుడు.

యక్షగానానికి చరిత్ర లేక కాదు. 16వ శతాబ్దపు కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' మనకు దొరికిన తొలి యక్షగానమని అన్ని పుస్తకాలూ రాస్తాయి. అందులో ఉన్న దరువులు, ద్విపదలు చిందోళ్ళ ఆటలో కూడా ఉన్నాయి. పద్యం, కందార్థం, సంధివచనం కూడా ఉన్నాయి. తాళం, మద్దెల, హార్మోనియం ఉంటాయి. కిరీటం, భుజకీర్తులు పొనికి కర్రతో వాళ్ళే చేసుకుంటారు. బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్విస్తాడు. పట్నం నాటకాల్లో మగవాళ్ళే ఆడవేషాలు కట్టిన కాలంలో చిందోళ్ళ ఆడవాళ్ళు వేషం కట్టి గజ్జె కట్టారు. నిజామాబాద్ దిక్కు చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ పేరు నిలబెట్టింది.

సారంగధర, అల్లీరాణి, చెంచులక్ష్మి ఎన్ని ఆడినా చిందోళ్ళకు పెద్ద ఆట జాంబపురాణం. ఆదిజాంబవుడు భూమి కన్నా ముందే పుట్టిన పెద్ద. గోసంగి వేషంలో వచ్చి నిలబడతాడు. బ్రాహ్మణుడు నీ పుట్టుకేందని అడుగుతాడు. జాంబవుడు జవాబు చెప్పి, తిరిగి ఆయన పుట్టుకే అడుగుతాడు. కులాలు ఎట్ల పుట్టినై, ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వాదం తెల్లారేదాకా నడుస్తది. శాస్త్రం లెక్కనే చూద్దాం. వస్తువు: కులం పుట్టుక. నేత: జాంబవుడు. సంఘర్షణ: వాదం. రసం: వీరం, నడుమ హాస్యం. ఏం తక్కువైంది? ఇక్కడ నాయకునికి ఏ దేవుడూ వచ్చి సర్టిఫికెట్ ఇవ్వలేదు. తన పెద్దరికం తనే చెప్పుకున్నాడు.

ఇంత చెప్పి ఇక్కడ ఆగితే సగం చరిత్రే. జాంబపురాణం మాదిగల గొప్ప చెప్తది గానీ దాన్ని మోసింది మాదిగలు కాదు. చిందోళ్ళు, డక్కలివాళ్ళు మోసిండ్లు. మాదిగ ఇండ్లను అడుక్కునే హక్కే వాళ్ళ మిరాశి. డక్కలివాళ్ళు పటం విప్పి బొమ్మ బొమ్మకూ కథ చెప్తారు, కిన్నెర వాయిస్తారు. పటంకథలో బొమ్మే రంగస్థలం. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య డక్కలి బిడ్డనే. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ డక్కలివాళ్ళను మాదిగ వాడ దూరంగానే పెట్టింది. వాడ బయట దిగాలె, పెట్టింది తీసుకోవాలె, పోవాలె. మా పెద్దరికాన్ని రాత్రంతా పాడినోనికి తెల్లారి మా అరుగు మీద చోటు లేదు. శాస్త్రం మమ్మల్ని నాయకులుగా ఒప్పుకోలేదని అడిగే మనం, మన నాయకున్ని తయారు చేసిన కవి ఎక్కడ పండుకున్నడో అడగకపోతే ఎట్ల? ఒక చిందు పెద్దాయన నాతో అన్నడు: "సారూ, జాంబవుని పేరు రాస్తున్నరు. వేషం కట్టినోని పేరు సుత రాయుండ్రి."

2012 డీఎస్సీలో ఉద్యోగమొచ్చి మహబూబాబాద్ దిక్కు పోయిన. అక్కడి చిన్నగూడూరు దాశరథి సోదరుల ఊరు. రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో వెట్టి ఉంది, దొర గడీ ఉంది, అడపాపల కన్నీళ్ళు ఉన్నాయి. ఆ బతుకును నవలలోకి తెచ్చినందుకు ఆయనకు రుణపడి ఉండాలె. కానీ దృష్టికోణం అన్న పాఠం చెప్పడానికి కూడా ఆ నవలే పనికొస్తది. ఊరి దుర్మార్గాన్ని మనం బయటి నుంచి వచ్చిన సంగీతగాడు పాణి కండ్లతో చూస్తం. వెట్టి చేసినోని కండ్లతో చూడాలంటే వెట్టి చేసినోని ఇంట్లకు చదువు రావాలె.

ఆ చదువు వచ్చిన చోట ప్రక్రియ మారిపోయింది. 1941లో జాషువ 'గబ్బిలం' రాసినప్పుడు కాళిదాసు మేఘసందేశం నమూనానే తీసుకున్నాడు. యక్షుని స్థానంలో అరుంధతీసుతున్ని కూర్చోబెట్టాడు, మేఘానికి బదులు గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి పోలేనివాని మాటను గుడిలో వేలాడే గబ్బిలం శివునికి చెప్పాలె. చట్రం పాతది, పద్యం పాతది, నేత కొత్త. బోయి భీమన్న 'పాలేరు'లో జీతగాడు నాటకానికి నాయకుడయ్యాడు. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత చట్రం కూడా పగిలింది. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనంలో వచన కవిత మా వాడ మాటతోనే మాట్లాడింది. ప్రాకృతం మాట్లాడమన్న పాత్ర తన భాషలోనే కవి అయ్యింది. ఆత్మకథ కూడా మా చేతుల్లో మారింది. వై.బి. సత్యనారాయణ తన ఆత్మకథకు పేరు పెట్టుకున్నది తండ్రి మీద: 'మా నాయన బాలయ్య'. మా ఆత్మకథలో ఒక్కడే నాయకుడు ఉండడు. ఒక్కన్ని బడికి పంపడానికి ఇల్లంతా పస్తులుండాలె కాబట్టి.

2021 చివర్లో 317 జీవో వచ్చినంక భూపాలపల్లి జిల్లాకు వచ్చిన. ఇక్కడ బొగ్గుబాయి కార్మికుల పిల్లలున్నారు, కోయ, నాయకపోడు పిల్లలున్నారు. నాయకపోడు వాళ్ళ లక్ష్మీదేవర కర్ర మొగం తలకెత్తుకుంటే ఊరంతా రంగస్థలమే. నాటకం పాఠం వచ్చినప్పుడు మీ ఇంట్ల, మీ వాడల, మీ గూడెంల ఎవరు ఏం ఆడుతరో, పాడుతరో రాసుకొని రమ్మంట. ఒకసారి తొమ్మిదో తరగతి పిలగాడు కాగితం ఇయ్యలేదు. అందరూ పోయినంక దగ్గరికొచ్చి, "మా తాత గోసంగి వేషం కడ్తడు సార్. రాస్తే మావోళ్ళు అడుక్కుంటరని అంటరు" అన్నడు. రాయమన్న. తాత పేరు, నేర్పినాయన పేరు, ఏ ఏ ఊర్ల ఆడిండ్లో, ఎన్ని దరువులు యాదికున్నయో అన్నీ రాయమన్న. రెండు పేజీలు తెచ్చిండు. అచ్చుతప్పులున్నయి, నేను దిద్దలేదు.

ఆ తాతలు ఇంకా ఎందరున్నరో, ఎన్నేండ్లుంటరో. వాళ్ళు పోతే పుస్తకాల గది కాలిపోయినట్టు పేపర్లో రాదు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా చదువుకున్న మాదిగ, మాల, చిందు, డక్కలి, బైండ్ల పిల్లలు ప్రతి ఊళ్ళె ఒక నోటుబుక్కు పెట్టుకోవాలె. దరువు రాయాలె, తాళం రాయాలె. వేషం కట్టినోని పేరు, ఉపకులం పేరు దాచకుండ రాయాలె. ప్రక్రియల చరిత్ర ఇంకోసారి ఎవరైనా రాస్తే, మాకు తెల్వదు అనే వీలు వాళ్ళకు ఉండొద్దు.