పాలెగాళ్లూ తెగలూ: చరిత్ర మీద మోపిన నేరం

మన వ్యాసాల్లోనూ కథల్లోనూ రెండు అభిప్రాయాలు తరచు తారసపడుతుంటాయి. ఆఫ్రికా దేశాల్లో ప్రభుత్వాలు నిలబడకపోవడానికి అక్కడి తెగల కొట్లాటలే కారణమన్నది ఒకటి. రాయలసీమ ముఠాకక్షలకు పాలెగాళ్ల వారసత్వమే కారణమన్నది రెండోది. మొదటిది వార్తాపత్రికల నుంచి మనకు వచ్చింది. రెండోది మనమే రాసుకున్నాం. ఖండాలు వేరైనా రెండింటి తర్కం ఒకటే. అరాచకం ప్రజల నెత్తురులోనే ఉందట, వలసపాలన దాన్ని కొంతకాలం అణచిపెట్టిందట, స్వాతంత్ర్యం రాగానే అది మళ్లీ తల ఎత్తిందట! ఈ తర్కాన్ని ఒప్పుకుంటే తెల్లదొర శాంతిదూత అవుతాడు, బాధితుడు నేరస్థుడవుతాడు. దీన్ని మా చిత్తూరు ప్రాంత చరిత్ర ముందు నిలబెట్టి పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాలెగాళ్లు ఆకాశం నుంచి ఊడిపడినవాళ్లు కారు. విజయనగర రాజ్యకాలంలో సైన్యాన్ని పోషించడానికీ, దారులు కాపలా కాయడానికీ, శిస్తు వసూలు చేయడానికీ ఏర్పడిన స్థానిక అధికార వ్యవస్థ అది. రాజ్యం బలహీనపడేకొద్దీ పాలెగాడు బలపడ్డాడు. రైతు దగ్గర కావలి రుసుం తీసుకున్నాడు, కోట కట్టాడు, కట్టుబడి బంట్లకు ఇనాం భూములిచ్చాడు. మా జిల్లాలో నరగంటి, కల్లూరు, పులిచెర్ల, పాకాల, బంగారుపాళ్యం, కంగుంది వంటివి ఇట్లాంటి పాలేలే. వీళ్ల పాలన న్యాయమైనదని నేననను. అయితే ఆ అధికారానికి ఒక హద్దుండేది. కరువులో రైతు పొరుగు పాలేనికి లేచిపోతే, బంట్లు ఎదురు తిరిగితే, పాలెగాడి కోటకు కాపలా ఉండేది కాదు. కింది జనంతో ఏదో ఒక మేరకు సర్దుకుపోక అతనికి తప్పేది కాదు.

1800లో నిజాం నవాబు దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ పరమైంది. దాంతో చిత్తూరు పాలేలు కూడా కంపెనీ చేతికొచ్చాయి. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను లొంగదీశాడు. ఎదురు తిరిగినవాళ్లను వెళ్లగొట్టాడు, మిగిలినవాళ్లకు పింఛన్లు పడేశాడు. చిత్తూరు పాలెగాళ్లు తిరగబడితే 1804లో కంపెనీ పటాలాలు వచ్చి అణచివేశాయి. చాలామంది పాలేలు పోగొట్టుకొని భత్యాల మీద బతికారు. కంగుంది, పుంగనూరు జమీందారీలుగా మిగిలాయి. కాళహస్తి, కార్వేటినగరం శాశ్వత శిస్తు పద్ధతి కింద జమీందారీలయ్యాయి.

మామూలుగా మన చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టాన్ని ‘శాంతిస్థాపన’ అని ముగిస్తాయి. అసలు మార్పు అక్కడే మొదలైంది. మిగిలిన జమీందారుకు ఇక బంట్లతో పని లేదు, రైతు మెప్పుతో పని లేదు. పేష్కషు సకాలంలో చెల్లిస్తే కంపెనీ తుపాకీ అతని వెనక ఉంటుంది. రైత్వారీ గ్రామాల్లో శిస్తు లెక్క కరణం చేతిలో, వసూలు రెడ్డి చేతిలో పడ్డాయి. 1816 రెగ్యులేషనుతో గ్రామ పెద్దకు మునసబుగా చిన్న తగాదాలు తీర్చే అధికారం కూడా వచ్చింది. శిస్తు, భూమి లెక్క, తీర్పు ఒకటి రెండు ఇళ్లలో పోగుపడ్డాయి. ఆ పదవి ఎవరికి దక్కితే ఊరు వాళ్లది. దక్కనివాడికి మిగిలిన దారి ఆ పదవి మీద పగ.

పాత వ్యవస్థలో పోరాడినవాళ్లంతా పాలెగాళ్ల రక్తం పొంగి పోరాడారనడం కూడా పొరపాటే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు పింఛను తగాదాతో మొదలైన మాట నిజం. కాని ఆయన వెంట నడిచినవాళ్లలో ఇనాం భూములు పోగొట్టుకున్న కట్టుబడులు ఉన్నారు. 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. ఉరి తీయగలిగిన ప్రభుత్వం కట్టుబడి భూమి తిరిగి ఇవ్వలేకపోయింది. తిరుగుబాటుకు మూలం ఎక్కడుందో అదే చెబుతుంది.

ఇక ఆఫ్రికా సంగతి. ఆ ఖండం మా ప్రాంతానికి అంత పరాయిదేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ నేటాలు చెరుకుతోటల కోసం మొదటి ఒప్పందకూలీలను దర్బానుకు చేర్చింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు అలా వెళ్లారు. వాళ్లను పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ముఖ్యమైనది. అప్పట్లో చిత్తూరు ఆ జిల్లాకు కేంద్రం. 1911లోనే చిత్తూరు వేరే జిల్లా అయింది. కూలీలను ఓడ ఎక్కించిన పాలనే ఆఫ్రికాలో ‘నాయకుల’ను తయారుచేసింది.

నైజీరియాలో లుగార్డు పరోక్ష పాలన అనే పద్ధతిని స్థిరపరిచాడు. స్థానిక ప్రభువుల ద్వారా శిస్తు వసూలు చేయడం దాని సారం. ఉత్తరాన ఎమీర్లున్నారు గనుక పని సులువైంది. తూర్పున ఇగ్బోలలో చాలాచోట్ల రాజులే లేరు, ఊరి సభలే నిర్ణయాలు చేసేవి. రాజు లేనిచోట బ్రిటిషువాళ్లు సన్నదులిచ్చి రాజులను పుట్టించారు. 1929లో ఆడవాళ్ల మీద కూడా పన్ను పడుతుందన్న భయంతో ఇగ్బో ప్రాంతపు స్త్రీలు వేలాదిగా కదిలి ఆ సన్నదు నాయకుల ఇళ్లను ముట్టడించారు. సైనికుల కాల్పుల్లో 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. రువాండాలో బెల్జియం పాలకులు 1930ల్లో మనిషి మనిషికీ గుర్తింపు కార్డు ఇచ్చి అందులో హుటూ, టుట్సీ అని రాశారు. పశుసంపదను బట్టీ, కొలువును బట్టీ కొంతవరకు మారగలిగిన అంతస్తు కాగితం మీద జన్మహక్కు అయింది. 1994లో దారి కాచి నరికినవాళ్లు ఆ కార్డులు చూసే నరికారు. ‘ఆదిమ తెగల ద్వేషం’ అని పత్రికలు రాసిన దానికి అంత ఇటీవలి దస్తావేజు ఉంది!

ఆ తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. 1960 ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి. కాంగోకు జూన్ 30న అధికారం అప్పగించినప్పుడు డిగ్రీ చదివిన కాంగోలీయులు 30 మంది కూడా లేరు, సైన్యంలో ఒక్క నల్ల అధికారి లేడు. వారం తిరక్కుండా సైన్యం తిరగబడింది. రాగి గనులున్న కటాంగా బెల్జియం అండతో విడిపోతానంది. 1961 జనవరి 17న ప్రధాని లుముంబాను చంపేశారు. 1965లో అధికారం పట్టుకున్న మొబూటు 1997 దాకా దేశాన్ని పిండుకున్నాడు. ఇందులో తెగల పాత్ర ఎంత, గనుల పాత్ర ఎంత అని అడగకుండా ‘అస్థిరత’ అనే మాట వాడడం విమర్శ అనిపించుకోదు.

సరిహద్దుల విషయంలో రెండు చరిత్రలూ విడిపోతాయి. తెల్లవాళ్లు గీసిన గీతలనే ఖాయం చేసుకుందామని ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1964లో కైరోలో తీర్మానించింది. గీతలు కదిపితే యుద్ధాలొస్తాయని వాళ్ల భయం, అది అకారణ భయమూ కాదు. మనం గీతలను భాషను బట్టి మార్చుకున్నాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం తర్వాత 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు ప్రాంతం చిత్తూరుకు వచ్చింది. ఆందోళనలు జరిగాయి, జైళ్లు నిండాయి, రెండు వైపులా మనసులు నొచ్చుకున్నాయి. కాని సైన్యాలు ఎదురుపడలేదు. మనవాళ్ల నెత్తురు చల్లనిది కావడం దీనికి కారణం కాదు. దశాబ్దాల ప్రజా ఉద్యమమూ, దాని నుంచి పుట్టిన పార్టీలూ, చట్టసభలూ ఉండడం వల్ల తగాదా తీర్చుకునే చోటు ఒకటుంది. కాంగో ప్రజలకు ఆ చోటు నిర్మించుకునే వ్యవధి ఇవ్వలేదు.

అలాగని మన స్వాతంత్ర్యం పాత అధికారాన్ని కూల్చిందనుకోకూడదు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. కరణం, మునసబు పదవులు మాత్రం నిలిచాయి. వంశపారంపర్య హక్కు చెల్లదని 1960లో సుప్రీంకోర్టు చెప్పినా ఆ ఇళ్ల పట్టు ఒక్కసారిగా సడలలేదు. 1984లో గాని ఆ పదవులు రద్దు కాలేదు. ఈలోగా 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. రోడ్ల కంట్రాక్టులు, సారా పాటలు, సహకార సంఘాల అప్పులు అన్నీ పదవి చుట్టూ చేరాయి. వానలు తక్కువ, నీళ్లు తక్కువ, పరిశ్రమలు తక్కువైన సీమలో మిగులు సంపాదించే మార్గం పదవి ఒక్కటే అయినప్పుడు దానికోసం మనుషులను పోషించడం, చంపించడం పెట్టుబడి అవుతుంది. కొత్త కంట్రాక్టరు గడపలో నిలబడ్డవాణ్ణి పాత పాలెగాడి బంటు అంటే ఎట్లా? బంటుకు ఇనాం భూమి ఉండేది. వీడికి కూలీ మాత్రమే ఉంది.

రక్తవాదానికి నేను పెట్టే పరీక్ష ఇది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లాగే చిత్తూరూ పాలెగాళ్ల సీమే. అయినా ముఠాకక్షలు అక్కడ పెరిగినంతగా ఇక్కడ పెరగలేదు. చెరువుల కింద చిన్న కమతాలు, పాడి, పట్టు, చేరువలో మద్రాసు, బెంగుళూరు సంతలు, తిరుపతి ఆధారంగా బతుకుతెరువులు ఇక్కడి మనిషికి పెత్తందారు గడప తొక్కకుండా బతికే దారులు కొన్నైనా ఇచ్చాయి. ఇక్కడ పెత్తనం లేదని కాదు, దాని రూపం వేరు. ఆఫ్రికాలోనూ ఇంతే. 120కి పైగా భాషలున్న టాంజానియా ప్రధాన భూభాగంలో స్వాతంత్ర్యం తర్వాత తెగల అంతర్యుద్ధం రాలేదు. దాదాపు ఒకే భాష, ఒకే మతం ఉన్న సోమాలియా రాజ్యం 1991లో కుప్పకూలింది. అక్కడ వంశశాఖలున్నాయి కదా అనవచ్చు. ఆ శాఖలు శతాబ్దాలుగా ఉన్నాయి. 1969 నుంచి సాగిన సియాద్ బర్రె నియంతృత్వమూ, రెండు అగ్రరాజ్యాలూ ఒకరి తర్వాత ఒకరు నింపిన ఆయుధాలూ మాత్రం కొత్తవి.

వలసవాదాన్ని తప్పుపట్టడం స్వదేశీ పాలకులకు క్షమాపత్రం కారాదు. ఈ విషయంలో ఆఫ్రికా రచయితలు మనకంటే ముందున్నారు. నైజీరియాలో మొదటి సైనిక కుట్ర జరిగిన 1966 జనవరిలోనే చినువా అచెబె స్వదేశీ మంత్రుల అవినీతి మీద రాసిన నవల వెలువడింది. గూగీ వా థియాంగోను 1977 చివర జైల్లో పెట్టింది తెల్ల ప్రభుత్వం కాదు, స్వతంత్ర కెన్యా ప్రభుత్వం. ఆయన అక్కడ గికుయూ భాషలో మొదలుపెట్టిన నవలను వరవరరావు జైల్లోనే ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేయడం మన పాఠకులు ఎరిగినదే. తెల్లదొర ఖాళీచేసిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు, ఎవరి తరఫున కూర్చున్నారు అని ఆ రచయితలు అడిగారు.

మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా బలంగా రాలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయం తర్వాత సినిమా సీమ మనిషికి ఒక వేటకొడవలి ఇచ్చి ఊరుకుంది. కొన్ని కథలు పాలెగాణ్ణి తెల్లవాణ్ణి ఎదిరించిన వీరుడిగా పూజించాయి, మరికొన్ని పగల మూలపురుషుడిగా నిందించాయి. రెండింటిలోనూ రైతు కనబడడు, శిస్తు కనబడదు. మా బడిపిల్లలు పై చదువులకు వెళ్లినప్పుడు ‘మీరు బాంబులేసే సీమవాళ్లా’ అన్న ఎగతాళిని మోస్తున్నారు. ఈ బరువులో సాహిత్యం వాటా కూడా ఉంది.

కనుక సీమ గురించి రాయబోయే యువరచయితలు హత్య జరిగిన రాత్రితో పాటు దానికి ముందు పదేళ్ల లెక్కలు కూడా చూడాలి. ఆ ఊరి చెరువు కంట్రాక్టు ఎవరిది, సారా పాట ఎవరు పాడారు, సంఘం అప్పు ఎవరికి దక్కింది, చచ్చినవాడికి ఎన్ని కుంటల భూమి ఉంది అని అడగాలి. కాంగో గురించి చదివే విద్యార్థి గనుల పేర్లు అడిగినట్టే ఇదీ. ఈ ప్రశ్నలు వేసిన కథలో పాలెగాడు తన కాలంలో తానుంటాడు. మన కాలపు నేరానికి మన కాలపు మనిషే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.