సంతకానికి ఆధారమే రక్ష
పన్ను మార్పులు, న్యాయ వివాదాల నడుమ అకౌంటెంట్లు

నిజాంపేట: రిటర్ను దాఖలు చేయడంతో అకౌంటెంటు బాధ్యత తీరిపోదు. ఏళ్ల తర్వాత నోటీసు వచ్చినా నాటి లెక్కకు ఆధారం చూపాల్సిందే. అపార్టుమెంట్లు, చిన్న సంస్థలు విస్తరించిన నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ప్రాంతాల్లో ఈ వృత్తిలో ఉన్నవారికి తరచూ మారే నిబంధనలు ఒకవైపు, పెరిగిన వ్యక్తిగత బాధ్యత మరోవైపు సవాలుగా నిలుస్తున్నాయి.

సత్యం నేర్పిన పాఠం

హైటెక్ సిటీ పరిసరాల్లో ఈ వృత్తికి పెద్ద హెచ్చరిక సత్యం కంప్యూటర్స్ ఉదంతం. లేని రూ.5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలను ఉన్నట్లు చూపామని సంస్థ ఛైర్మన్ బి.రామలింగరాజు 2009 జనవరి 7న లేఖలో అంగీకరించారు. బ్యాంకు ధ్రువీకరణలు పంపే, తెప్పించుకునే పనిని ఆడిటర్లు కంపెనీకే వదిలేయడాన్ని 2011లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ప్రధాన లోపంగా పేర్కొంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. అప్పీలుతో అదే ఏడాది మేలో శిక్ష అమలు నిలిచింది. ఆడిట్ సంస్థపై సెబీ 2018లో విధించిన రెండేళ్ల నిషేధాన్ని శాట్ 2019లో కొట్టివేసింది. ఒక్క వివాదం దశాబ్దానికి పైగా సాగింది.

బిగిసిన నిబంధనలు

కోటి రూపాయలు, అంతకు మించిన మోసం ఆడిట్‌లో బయటపడితే కేంద్రానికి తెలపాలని 2013 కంపెనీల చట్టం, దాని నిబంధనలు చెబుతున్నాయి. ఆడిటర్లపై విచారణకు 2018 అక్టోబరు 1న జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2019 నుంచి చార్టర్డ్ అకౌంటెంట్లు ఇచ్చే పత్రాలకు 18 అంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరైంది. క్లయింటు తరఫున స్థిరాస్తి కొనుగోళ్లు, అమ్మకాల వంటి ఆర్థిక లావాదేవీలు నిర్వహించే చార్టర్డ్ అకౌంటెంట్లు 2023 మే 3 నుంచి మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చారు.

ఏ ఏడాదికి ఆ నిబంధనే

2005లో వ్యాట్, 2017 జులై 1న జీఎస్టీ వచ్చాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణంలోని ఇళ్లపై జీఎస్టీ 5 శాతం, అందుబాటు ధర ఇళ్లపై 1 శాతమైంది. ఈ రేట్లకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అప్పటికే నిర్మాణంలో ఉన్నవాటికి పాత పద్ధతిని ఎంచుకునే వీలుండేది. అందువల్ల బిల్డరు నాడు దేన్ని ఎంచుకున్నారో తెలిపే పత్రమే వివాదంలో కీలకం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మళ్లీ మారాయి. 2025 ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 అయినా, పాత ఏళ్ల వివాదాలకు 1961 చట్టమే వర్తిస్తుంది. రెండు చట్టాలపైనా పట్టు అవసరం.

గడువు దాటితే చిక్కే

జీఎస్టీ ఉత్తర్వు అందిన మూడు నెలల్లో అప్పీలు చేయాలి. తగిన కారణం చూపితే మరో నెల వరకు అనుమతించవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం ముందే చెల్లించాలి. ఉత్తర్వులు పోర్టల్‌లో ఉంచుతున్నందున దాన్ని క్రమం తప్పక చూడాలి. ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. అప్పీలు పెండింగులో ఉంటే అంతకు మించి ఉంచాల్సి రావచ్చు. ఆడిట్ ఫైళ్లకు కనీస గడువు ఏడేళ్లు.

పని పరిధిని ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం, బ్యాంకు నిల్వలను నేరుగా బ్యాంకు నుంచే ధ్రువీకరించుకోవడం, క్లయింటు నోటిమాటగా ఇచ్చిన వివరాలను లిఖితపూర్వకంగా తీసుకోవడం వివాద సమయంలో అకౌంటెంటుకు అండగా నిలుస్తాయి.