జీతం లేని దుబాసీలు

మేం ఏ దేశమూ వలస పోలేదు. మా అవ్వాతాతలు పుట్టిన మాదిగేరిలోనే మేమూ పుట్టినాం. అయినా మా అప్పను ఆఫీసుకు పిల్చుకపోతే పరదేశోణ్ణి పిల్చుకపోయినట్లే ఉండేది. ఆయనకు తెలుగు రాదు. ఆఫీసుకు కన్నడం రాదు. మధ్యలో నేను. నాకు అప్పుడు పదేండ్లు.

మా రొళ్ల మడకశిర తాలూకాలోది. ఆ తాలూకాకు మూడు పక్కలా కర్నాటకే. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ దిక్కు చాలా ఊర్లలో ఇండ్లల్లో మాట్లాడేది కన్నడమే. 1882లో బళ్లారి జిల్లాను చీల్చి అనంతపురం జిల్లా చేసినారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, మడకశిర ఇక్కడే ఉండిపోయింది. మనుషులు కదల్లేదు, గీత కదిలింది. ఆ గీత గీసేముందు మా కేరికొచ్చి మీదే భాషని ఎవరన్నా అడిగినట్లు మా తాతలెవరూ చెప్పలేదు. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టమొచ్చింది. తెలుగోళ్లకు అది గెలుపే, కాదనను. మా కేరికి మాత్రం ఇంకో గోడ లేచింది.

అంతకుముందు కరణం ఉండేవాడు. కాగితంలో ఏముందో ఆయన చెప్పిందే వేదం. 1984లో కరణాల పద్ధతి పోయింది. 1985లో మండలాలొచ్చినాయి. ఎక్కడెక్కడి నుంచో అధికారులొచ్చినారు. అప్పుడు తెలుగు బళ్లో కూచున్న మొదటి తరం పిల్లోళ్లం, మేం దుబాసీలమైనాం.

దుబాసీ అంటే చరిత్రలో చిన్న మనిషి కాదు. పుదుచ్చేరిలో డూప్లే దొర దగ్గర ఆనందరంగ పిళ్లై దుబాసీ. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. వాళ్లకు జీతముండె, పల్లకీ ఉండె, పేరుండె. మాకు దక్కింది బళ్లో గైర్హాజరు.

ఏ ఆఫీసని చెప్పను. గుమాస్తా "మీదేం కులంరా?" అన్నాడు. నేను తలొంచుకోని "ఎస్సీ" అన్నాను. మా అప్ప నా వెనకాల నుంచి "మాదిగరు స్వామీ" అన్నాడు. కులమనే మాటకు మాత్రం దుబాసీ అక్కర్లేదు. రెండు భాషల్లోనూ అది ఒకటే. గుమాస్తా ఇంకో మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. "ఏనంద్రు మగా?" అని అప్ప అడిగినాడు. "రేపు రమ్మన్నాడు" అని చెప్పినాను. అప్ప నా మొగం చూసి ఇంకేం అడగలేదు.

అట్లా దాచిన మాటలు కొన్ని. తెలీక తప్పు చెప్పినవి ఇంకొన్ని. మా అప్పకు డి.కె.టి. పట్టా కింద రెండెకరాలుండె. ఒక ఆసామి అప్పు కాగితమని తెచ్చినాడు. "పంట రాంగానే బాకీ కడితే కాగితం వాపసిస్తానని మీ అప్పకు చెప్పురా" అన్నాడు. చెప్పినాను. కాగితంలో స్వాధీనం, సర్వహక్కులు, దఖలు అని ఉండె. అక్షరాలు కూడబలుక్కోగలిగినాను గానీ అర్థం తెల్లేదు. అది బడి తెలుగూ కాదు, బజారు తెలుగూ కాదు. దుబాసీకే ఇంకో దుబాసీ కావల్సొచ్చింది. అప్ప వేలిముద్ర వేసినాడు. కాగితం మీద కాదు, నా మాట మీద. భూమి పోయింది.

పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని ఎవరు కొన్నా చెల్లదని 1977లోనే చట్టమొచ్చిందని కాలేజీకి పోయినాకగానీ నాకు తెలీలేదు. అప్పటికి అప్ప లేడు. చానా ఏండ్లు ఆ పాపం నాదే అనుకున్నాను. కాదు. పదేండ్ల పిల్లోడి నాలుక మీద ఒక కుటుంబం భూమిని పెట్టిన ఏర్పాటుది ఆ పాపం.

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో చెప్పే వసతి కల్పించాలని 1956లో 350ఎ చేర్చినారు. మా అప్పకు ఈ సంగతి ఎవరూ ఏ భాషలోనూ చెప్పలేదు.

2022లో మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి జిల్లా అయింది. భాష సంగతి అట్లే ఉంది. ఇప్పుడు కేరిలో ఎవరన్నా అర్జీ రాసియ్యమంటే కన్నడంలోనే రాసిస్తాను. అధికారి విసుక్కుంటే 350 చూపించమంటాను. చదివి చెప్పే మనిషిని ఆఫీసే పెట్టుకోనీ. పిల్లోణ్ణి మాత్రం బడికి పంపమంటాను.