ఉప్పుటేరు పూడ్చిన చేతులు

మంటకి దగ్గరగా జరగండర్రా. భోగి దుంగ సగం కూడా కాలలేదు, తెల్లారడానికి ఇంకా బోలెడు టైముంది. నిన్న మా చిన్నాడు నన్నడిగాడు, "తాతా, వైజాగ్‌లో పాతదేటుంది? అంతా బీచిరోడ్డేగా?" అని. వాడి తప్పేం లేదు, వాడికి చెప్పినవాళ్ళు లేరు. మా మామ్మ చెప్పినవీ, మా నాన్న చెప్పినవీ, నేను కళ్ళారా చూసినవీ ఈ పొద్దు చెబుతాను. తారీఖుల సంగతి నాకొదిలేయండి. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ణి, అవి నాకు నోటికొచ్చు.

మీరు తిరిగే ఎంవీపీ కాలనీ, మధురవాడ నాకు ఊహ తెలిశాక లేచినవే. నా చిన్నప్పుడు ఊరంటే వన్‌టౌన్. కురుపాం మార్కెట్టు, చెంగల్రావుపేట, సోల్జరుపేట, పాత పోస్టాఫీసు, కోటవీధి. మా ఇల్లు కోటవీధిలోనే. ఆ కోటని మా తాత కూడా చూళ్ళేదు, వీధి పేరొక్కటే మిగిలింది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు గుడ్డల వ్యాపారానికని 1682 ప్రాంతంలో ఇక్కడ కొట్టు తెరిచారు. 1689లో ఔరంగజేబు మనుషులు ఆ కొట్టు మీద పడి, ఉన్నవాళ్ళని చంపేశారు. అయినా వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి గోడ కట్టుకున్నారు. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి ఆ కోట పట్టేశాడు. మరుసటేడు విజయనగరం ఆనందగజపతి రాజుగారు ఫ్రెంచివాళ్ళని తరిమి, కోట తీసుకెళ్ళి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టారు. ఆ తర్వాత చందుర్తి యుద్ధం. అక్కణ్ణుంచి ఈ ఉత్తర సర్కార్లన్నీ వాళ్ళవైపు ఒరిగిపోయాయి. ఒక రాజుకి ఇంకో దొర మీద ఉన్న కోపం దేశాన్ని ఎటు తీసుకుపోయిందో చూడండి.

పాత పోస్టాఫీసు దగ్గర ఇంగ్లీషువాళ్ళ గోరీల దొడ్డి ఉంది. మూడొందల ఏళ్ళు దాటిన సమాధులున్నాయి అందులో. బడి ఎగ్గొట్టి అక్కడ చింతకాయలు ఏరుకునేవాళ్ళం. ఆ దొడ్లో ఒక రాతి స్తంభం ఉంది. దాని కథ పెద్దయ్యాక గానీ తెలీలేదు నాకు. 1780 అక్టోబరు 3న ఇక్కడి సిపాయిల్ని ఓడెక్కి మద్రాసు పోయి హైదరాలీతో యుద్ధం చెయ్యమన్నారు. వాళ్ళు "ఎక్కం" అన్నారు. ఎక్కి తీరాలన్న ఆఫీసర్ల మీద తుపాకులు తిప్పారు. 1857 సిపాయిల తిరుగుబాటు అని మీరు పుస్తకాల్లో చదువుతారే, దానికి 77 ఏళ్ళ ముందు మన సముద్రం ఒడ్డున జరిగిందిది. చచ్చిపోయిన ఇంగ్లీషువాళ్ళ కోసం ఆ స్తంభం నిలబెట్టారు. తిరగబడ్డ సిపాయిల పేర్లు చెక్కిన రాయి మాత్రం నా కంటికెక్కడా కనబడలేదు. ఆ ముక్క నాకు ఇప్పటికీ గుండెల్లో ముల్లే.

1804 సెప్టెంబరు 15న మన రేవు ముందే ఓడల యుద్ధం జరిగింది. లిన్వా అనే ఫ్రెంచి అడ్మిరల్ మూడు యుద్ధ ఓడలతో వచ్చాడు. ఇంగ్లీషువాళ్ళ సెంచూరియన్ ఒక్కటే ఎదురు నిలబడింది. పక్కనున్న వర్తకపు ఓడల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి ముక్కలైంది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు.

దొరలకి ఊళ్ళో గాలి పడలేదు. ఉప్పుటేరు కంపు, దోమలు, చలిజొరం. అందుకని ఉత్తరాన ఎర్రమట్టి దిబ్బల మీద, వాల్తేరులో బంగళాలు కట్టుకున్నారు. క్లబ్బు పెట్టుకున్నారు. కింద మనం, పైన వాళ్ళు. పాత ఊళ్ళో కంసాలులు మాత్రం వాళ్ళకి కావలసిన సామాను చేసిపెట్టేవాళ్ళు. గంధపు చెక్క పెట్టెకి ఏనుగు దంతం రేకులు తాపడం చేసి, దాని మీద సన్నటి ఉలితో పూలతీగ గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్ళు. తాబేటి చిప్పతో కూడా చేసేవాళ్ళు. ఆ పెట్టెలు ఇవాళ లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అడుగున 'వైజాగపటం పని' అని రాసుంటుంది. చేసినవాడి పేరుండదు.

పేరు నిలబెట్టుకున్న మనవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని చెప్పకపోతే పాపం. గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలోనే డాబా గార్డెన్స్‌లో తన ఇంటి మీద నక్షత్రశాల పెట్టారు. గవర్నమెంటు సొమ్ము కాదు, సొంత డబ్బు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని దుర్భిణి దగ్గర కూచున్న మనిషి. ఆయన పేరు మీద ఆయన భార్య ఇచ్చిన విరాళంతోనే ఏవీఎన్ కాలేజీ నిలబడింది. నేను ఆ కాలేజీలోనే ఇంటరు చదివాను. మా మాస్టారు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయేది.

ఇంకొంచెం పిడకలెయ్యరా. ఇప్పుడు అసలు సంగతికొస్తున్నాను.

పోర్టు ఉన్న చోట ఏటుండేదో తెలుసా? మడుగు. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట బురద, తుంగ, మడ చెట్లు. మా మామ్మ అటేపు వెళ్ళనిచ్చేది కాదట మా నాన్నని. పెద్ద ఓడలు రేవులోకి రాలేవు, దూరాన నడిసముద్రంలో ఆగేవి. జాలర్లు మసులా పడవల మీద సరుకునీ మనుషుల్నీ అలల్లోంచి ఒడ్డుకి చేర్చేవాళ్ళు. మధ్యపరగణాల్లో మాంగనీసు దొరుకుతుంది, దాన్ని సముద్రానికి చేర్చాలి. అందుకోసం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ హార్బరు తవ్వకం మొదలెట్టింది. పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా రైలు దారీ పూర్తిచేసింది.

తవ్వడం ఒక ఎత్తు, తవ్విన మూతి పూడిపోకుండా చూడ్డం ఇంకో ఎత్తు. మన ఒడ్డున ఇసక ఊరుకోదు. దక్షిణం గాలికి అలల వెంబడి ఏడాదిలో ఎక్కువ నెలలు ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. డాల్ఫిన్ నోస్ కొండ చుట్టూ తిరిగొచ్చి సరిగ్గా హార్బరు మూతిలో పడుతుంది. దీనికి ఇంజనీర్లు చేసిన ఉపాయం మా నాన్న ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టేది కాదు. రెండు ముసలి ఓడలు తెచ్చారు. ఒకదాని పేరు జేనస్. వాటిని కొండ కింద, మూతికి దక్షిణాన నిలబెట్టి, నిండా రాళ్ళు పోసి, కావాలని ముంచేశారు. ఓడ మునగడం చూసి ఒడ్డున ఉన్న జాలరి ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారట, లోపల మనుషులున్నారేమోనని. ఆ రెండు ఓడలే అలలకి అడ్డుగోడ. దాని చాటున డ్రెడ్జరు నిలబడి ఇసక తోడేది. ఆ డ్రెడ్జరు మీద మా నాన్న కలాసీ. తోడిన బురద గొట్టాల్లోంచి మడుగులో పోసి నేల లేపారు. ఇవాళ మీరు లారీల్లో తిరిగే పోర్టు ఏరియాలో చాలా భాగం ఆ బురదే.

గొట్టం అందని చోట మనుషులే. శ్రీకాకుళం, పార్వతీపురం పక్కనుంచి వలసొచ్చిన కూలీలు. ఆడవాళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని, బిడ్డని వీపున కట్టుకుని మోకాల్లోతు బురదలో నడిచేవాళ్ళట. మలేరియాతో ఎందరు రాలిపోయారో లెక్క లేదు. పెద్ద ఇంజనీరు ఆష్ దొర పేరు రికార్డుల్లో ఉంది. తట్ట మోసిన ఒక్క అప్ప పేరు లేదు.

1933 అక్టోబరు 7. ఆ రోజు హార్బరులోకి మొదటి ఓడ వచ్చింది. దొరల హార్బరు, దొరల రైలు, కానీ మొదట అడుగుపెట్టిన ఓడ మాత్రం మన సింధియా కంపెనీ వాళ్ళది. పేరు జలదుర్గ. మా నాన్న ఆ మాట చెప్పినప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి హార్బరు ప్రారంభోత్సవం చేశాడు.

ఇక నేను చూసింది చెబుతాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అప్పటికే అందరూ జపానువాడు వస్తాడని అనుకుంటున్నారు. దీపాలకి నల్ల కాయితం చుట్టేవాళ్ళం. పట్టపగలు ఆకాశంలో మోత వినబడింది. మేం గుంటలం వీధిలోకి పరిగెత్తి, విమానాలొచ్చాయని చప్పట్లు కొట్టాం. మనవనుకున్నాం. హార్బరు వైపు నేల అదిరింది, నల్లటి పొగ లేచింది. మా అమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో, నా జబ్బ పట్టుకుని లోపలికి లాగి మంచం కిందకి తోసింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆయన ఇంటికొచ్చేదాకా మా అమ్మ గడపలోంచి కదల్లేదు. పొద్దుపోయాక వచ్చాడు, ఒళ్ళంతా మసి. వచ్చి మంచినీళ్ళు కూడా అడక్కుండా, "బేగి మూట కట్టు" అన్నాడు.

మర్నాటికి ఊరు ఊరంతా రోడ్డు మీదుంది. ఒంటెద్దు బళ్ళు, జట్కాలు, నెత్తిన మూటలు. కొందరు విజయనగరం వైపు, కొందరు అనకాపల్లి వైపు. మేం చోడవరంలో మా మేనత్త ఇంటికి చేరాం. కోటవీధిలో తలుపులకి తాళాలు కూడా వెయ్యకుండా ఒగ్గేసి పోయినవాళ్ళున్నారు. ఆంధ్రా యూనివర్సిటీని గుంటూరుకి మార్చేశారు. అదే రోజు కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. మన ఊళ్ళో పడిన వాటిల్లో పేలని బాంబు గుల్ల ఒకటి బీచిరోడ్డు మీద విశాఖ మ్యూజియంలో పెట్టారు. ఈసారి వెళ్ళినప్పుడు దాని ముందు నిలబడి, ఇది మా తాత విన్న మోత అనుకోండి.

ఆ బాంబులు పడకముందే మన ఊళ్ళో ఓడల కార్ఖానాకి శంకుస్థాపన అయింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చారు. దొర రాజ్యంలో మనవాడి చేత రాయి వేయించిన ఘనత ఆ కార్ఖానా పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్‌ది. 1948 మార్చి 14న అక్కడ కట్టిన జల ఉష అనే ఓడని నీళ్ళలోకి దింపారు, నెహ్రూ వచ్చారు. నేను మా నాన్న భుజాలెక్కే వయసు దాటినా ఆయన నన్నెత్తుకున్నాడు. కట్టెలు తీసేసరికి అంత పెద్ద ఓడ మెల్లగా వెనక్కి జారి నీళ్ళని కొట్టింది. జనం ఒక్కసారి కేకేశారు. మా నాన్న ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

స్టీలు ప్లాంటు సంగతి మీ నాన్నలకి తెలుసు, ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. 1966 నవంబరు 1న 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్నందుకు మన ఊళ్ళోనే కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. తర్వాత ప్లాంటు కోసం 64 ఊళ్ళు లేచిపోయాయి. ఆ ఊళ్ళ గుళ్ళూ, చెరువులూ, తోటలూ ఏ గట్టున ఎవరివో చెప్పగల ముసలివాళ్ళు గాజువాక నిర్వాసిత కాలనీల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ళు పోతే ఆ ఊళ్ళు రెండోసారి పోయినట్టే.

దొరల చరిత్ర దొరలు రాసుకున్నారు. సమాధి రాళ్ళ మీదా, గెజిటీర్లలోనూ వాళ్ళ పేర్లు భద్రంగా ఉన్నాయి. మనది మాత్రం ఇలా మంటల దగ్గర నోటిమాటగా ఉండిపోయింది. అందుకని పండగయ్యాక మీరో పని చెయ్యండి. ఒక ఆదివారం సెల్‌ఫోను, నోటుబుక్కు పట్టుకుని వన్‌టౌన్ పోండి. టౌన్‌హాలు, గోరీల దొడ్డి, కోటవీధి చూడండి. జాలరిపేటలో, కలాసీల ఇళ్ళల్లో, గాజువాక కాలనీల్లో ఎనభై దాటినవాళ్ళు ఎవరున్నా కూచోబెట్టి అడగండి. బాంబులు పడ్డ రోజు ఎక్కడున్నావు, మీ అమ్మ ఏ తట్ట మోసింది, మీ ఊరి చెరువు పేరేటి అని. వాళ్ళ పేరుతో సహా రాయండి, గొంతు రికార్డు చెయ్యండి. ముందు నాతోనే మొదలెట్టండి, ఎల్లుండి కనుమ దాకా వాయిదా వెయ్యకండి.