ఫిరంగికి ఎడ్లు, ఎడ్లకు నీళ్లు

రాయదుర్గము, బళ్లారి, గుత్తి యను మూడు గిరిదుర్గముల నడుమ పరచుకొన్న మెట్టసీమలో, వేదావతి యనియు హగరి యనియు రెండు పేర్ల బరగు నదికి చేరువనున్న కణేకల్ ప్రాంతమును నడివేసవిలో చూచినవారికి, ఎడారి యనునది రాజస్థానమునకో ఆఫ్రికాకో మాత్రమే చెందిన వస్తువు కాదని తోచక మానదు. నైరృతి మారుతము ఏటిలోని యిసుకను లేపి పొలములమీద దిబ్బలుగా పోయును. కణేకల్, బొమ్మనహాళ్ పరిసరములందు ఆ దిబ్బలు నేటికిని రైతుతో పోరాడుచునే యున్నవి. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మండలమున సేన నడచుటయే కష్టము, ఫిరంగి నడచుట మరింత కష్టము. అయినను నాలుగు శతాబ్దులకు పైగా దక్కను పీఠభూమిపై ఫిరంగులు దొర్లుచునే వచ్చినవి. వాటిని పేల్చించిన ప్రభువుల పేర్లు గ్రంథములకెక్కినవి. లాగిన పశువులను గూర్చియు, తోలిన మనుష్యులను గూర్చియు వ్రాసినవారు అరుదు. ఈ సీమలోని యుద్ధముల జయాపజయములను మందుగుండు కంటె ముందుగా ఎద్దు మెడయు, దానికంటె ముందుగా చెరువు నీరును నిర్ణయించినవని నా దృఢవిశ్వాసము.

1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరుపైకి దండెత్తినపుడు జరిగిన దానిని, తరువాత కొంతకాలమునకు విజయనగరమున నివసించిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియుంచెను. తోలుతిత్తులు మోయు పండ్రెండు వేలమంది దారి పొడవునను నిలిచి, దప్పికచే ఎవ్వరును మరణింపకుండునట్లు సైనికులకు నీరందించుచుండిరట. మోకాటివరకైనను రాని యొక యేటిని సేన దాటుచుండగా, సగము మంది దాటకమునుపే అందు చుక్క నీరు మిగులలేదట. వెనుకవచ్చినవారు ఇసుకలో గుంటలు త్రవ్వి నీరు వెదకికొనిరట. హగరి యొడ్డున చెలమ త్రవ్వి కడవ నింపుకొను ఇల్లాలికి ఈ వృత్తాంతమున ఆశ్చర్యపడవలసినదేమియు లేదు. ఆ యుద్ధమున బిజాపుర సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా తన ఫిరంగులనే నమ్మియుండెను. అవి యొక్కుమ్మడిగా మ్రోగి రాయల ముందువరుసను చెదరగొట్టిన మాట నిజమే. కాని రెండవ వరుస వెనుదీయక పైబడగా, అంతటి భారము వెనుకకు మరలలేక నాలుగువందల పెద్ద ఫిరంగులు రాయల వశమైనవని నూనిజ్ లెక్క చెప్పినాడు. ఈడ్చుకొని పోవుటకు వీలులేని ఆయుధము అపజయవేళ శత్రువుకు కానుకయే యగును.

ఈ సత్యమును మైసూరు నేలిన హైదరాలీ గ్రహించినంతగా పదునెనిమిదవ శతాబ్దిలో మరెవ్వరును గ్రహింపలేదు. 1775 ప్రాంతమున బళ్లారి పాలెగాడు దొడ్డప్ప నాయకుడు ఆదవాని ప్రభువైన బసాలత్ జంగునకు కప్పము నిరాకరింపగా, బసాలత్ జంగు తన కొలువులోని లాలీ యను ఫ్రెంచి సేనానిని కోట ముట్టడికి పంపెను. నాయకుడు శరణు వేడగా హైదరు పగలనక రేయనక శ్రీరంగపట్టణమునుండి నడచివచ్చి ముట్టడిదారుల నెదురుచూడని వేళ చెదరగొట్టి, పిమ్మట శరణు వేడినవాని కోటను తానే కైవసము చేసికొనెను. ఆ వేగమునకు మూలము మైసూరు రాజ్యపు పశుశాల. చిక్కదేవరాజ ఒడెయరు కాలమున బెన్నె చావడియను పేర వెలసి, హైదరు కుమారుడైన టిప్పు చేతిలో అమృతమహల్ అయిన ఆ శాలలోని యెడ్లు సన్నని దేహము, కఠినమైన గిట్టలు, చురుకైన నడక గలవి. చిదంబరమునకు తోడుపడబోయినపుడు ఈ యెడ్ల బలిమిచేతనే హైదరు రెండున్నర దినములలో నూరు మైళ్లు నడిచెనని ఆంగ్లేయులు కొనియాడిరి. కోటలు పగులగొట్టు బరువు ఫిరంగులకు పదుల కొలది జతల యెడ్లను పూన్చవలెను. చక్రము కూరుకుపోయినపుడు వెనుకనుండి ఏనుగు నుదుటితో త్రోయవలెను. వాన కురిసినచో నల్లరేగడి బంకయై పట్టుకొనును, కురియకున్నచో గడ్డియు నీరును కరవగును. సైన్యాధిపతి ఈ రెండు కష్టముల నడుమ దిన మెన్నుకొనవలసి యుండెను.

బళ్లారి పిదప గుత్తి. ఘోర్పడే వంశజుడైన మురారిరావు ఆ యెత్తైన కొండపై నిలిచి హైదరును చాలకాల మెదిరించెను. కొండకోటలో నీరు ఇంకిపోవుచుండగా అతడు సంధికి దిగెను. ధనముగూర్చి ఒప్పందమును కుదిరెను. కాని జామీనుగా వచ్చిన వానినుండి లోపలి నీటి కొరత బయటపడగా, హైదరు సంధిని త్రోసివైచి దిగ్బంధమును బిగించెను. 1776లో గుత్తి లొంగినది. మురారిరావు కబ్బాలదుర్గమున బందీగా మరణించినాడు. ఫిరంగులు చేయలేని పనిని ఎండిన దొనలు చేసినవి. ఆ వృద్ధవీరుని తలచుకొనినప్పుడెల్ల నాకు మనసు కలతపడును.

ఎడ్లు చచ్చిన సేన గతి యేమగునో 1791లో టిప్పుపై దండెత్తిన ఆంగ్లేయ సేనాధిపతి కారన్‌వాలిసు ప్రభువు చూచినాడు. మే నెలలో శ్రీరంగపట్టణము ముంగిటిదాక వచ్చి, అరకెరె యొద్ద గెలిచియు, మేతలేక రోగముచే పశువులు కుప్పలుగా కూలగా, తన ముట్టడి ఫిరంగులను తానే ధ్వంసము చేసికొని బెంగుళూరునకు మరలెను. మరుసటి దండయాత్రకు అతనిని నిలబెట్టినవారు పెరికయెడ్లపై ధాన్యము మోసిన లంబాడీలు, మన సీమలో సుగాలీలందుము. వారి తాండాలు అనంతపుర మండలమున నేటికిని కలవు. ఆ బిడారుల యెడల దక్కను చరిత్రకు తీరని ఋణము కలదు.

1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేసిన తరువాత కణేకల్ బళ్లారి జిల్లాలోని రాయదుర్గము తాలూకాలో చేరి, 1953 వరకు అందే యుండెను. ఆ నడుమ ఫిరంగి పశువును విడిచి యంత్రమును పట్టినది. 1935 జనవరి 15న బెంగుళూరులో భారతీయ ఫిరంగిదళమునకు అంకురార్పణ జరిగినది. 1942 మే 27న లిబియా యెడారిలో బీర్ హకీము సమీపమున మూడవ భారత మోటారు బ్రిగేడుతో కూడిన రెండవ ఫీల్డు రెజిమెంటు, పన్నెండు కిలోమీటర్ల దూరము కొట్టగల తన ఇరువదియైదు పౌండ్ల ఫిరంగులతో ఇటలీవారి అరియెటె టాంకుల నెదుర్కొనెను. దళము ఓడినది, ఓడకమునుపు అనేక టాంకులను భగ్నము చేసినది. ఆ పోరున ఫిరంగులు నడపి బందీయైన కుమారమంగళము, 1926 మొదలు 1930 వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన సుబ్బరాయను గారి కుమారుడు. 1966లో భారత సేనాధిపతి యయ్యెను.

మన పీఠభూమిపై భారత సాయుధ దళము నిజాము రాజ్యముపైకి ఫిరంగులతో కదలినది 1948 సెప్టెంబరు 13న. జయంతనాథ చౌదరి నేతృత్వమున టాంకులు షోలాపురమునుండి హైదరాబాదు మార్గము పట్టగా, మొదటిదినమే నల్దుర్గమువద్ద బోరీనది వంతెన పగులకుండ కాపాడుట ప్రధానకార్యమయ్యెను. దక్షిణమున గూర్ఖాలు తుంగభద్రపై వంతెనను చేజిక్కించుకొనిరి. వానకాలపు నల్లరేగడిలో రహదారి తప్పిన భారవాహనమునకు గతిలేదు గనుక, హైదరు చెరువులు చూచుకొని నడచిన చోట చౌదరి వంతెనలు చూచుకొని నడచెను. అయిదవ దినమున, సెప్టెంబరు 17 సాయంకాలము, నిజాము లొంగిపోయెను.